కొత్త చైర్‌లిఫ్ట్ తెరిచారు, ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవాళ్ళం ఎక్కొచ్చా?

మంచుమల్లి:
వాషింగ్టన్ రాష్ట్రంలో తూర్పు వైపు ఉంటాం. మా దగ్గర చిన్న స్కీ కొండ ఒకటుంది. కంపెనీది కాదు, నాన్-ప్రాఫిట్. ఊళ్ళోవాళ్ళ చందాలతో, వాలంటీర్లతో నడుస్తుంది. ఈ సీజన్‌లో బిగినర్ల కోసమే కొత్త చైర్‌లిఫ్ట్ (తాడుకి వేలాడే కుర్చీల్లో కొండెక్కించేది) మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ మ్యాజిక్ కార్పెట్ (కొత్తవాళ్ళని చిన్న వాలు పైకి మోసుకెళ్ళే కదిలే బెల్టు) దాటితే నేరుగా పెద్ద లిఫ్టే, మధ్యలో ఏమీ ఉండేది కాదు. పాపకి ఎనిమిదేళ్ళు, ఒకటే ఉబలాటం. మా ఆయనేమో "ఎక్కడం సరే, దిగేదెలా?" అంటున్నారు. ఎక్కే ముందు ఏమేం వచ్చుండాలి? అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడని ఊరికే పైదాకా తీసుకెళ్ళి చూపించొచ్చా?

బోయిసీ_బాబాయ్:
మీ ఆయన అసలు పాయింటు పట్టుకున్నారమ్మా. ఎక్కేటప్పుడు ఆపరేటర్ పక్కనే ఉంటాడు, వేగం తగ్గించమంటే తగ్గిస్తాడు, పిల్లల్ని ఎత్తి కూర్చోబెడతాడు. దిగేటప్పుడు మాత్రం మీ కాళ్ళే దిక్కు. పైకి చేరుతుండగా స్కీల ముక్కులు పైకెత్తాలి. దిగమని గుర్తుగా ఉండే గీత దగ్గర లేచి నిలబడి, చిన్న వాలు మీద తిన్నగా జారి, వెనకవాళ్ళకి అడ్డం లేకుండా పక్కకి తప్పుకోవాలి. అంటే తిన్నగా జారడం, పిజ్జా పెట్టి (స్కీల ముక్కులు దగ్గరికి, తోకలు దూరంగా పెట్టి) ఆగడం, రెండు వైపులా తిరగడం రావాలి. కార్పెట్ దగ్గర ఈ మూడూ టీచరు చెయ్యి పట్టుకోకుండా చేస్తుంటే పాప రెడీ అయినట్టే.

మాదీ నాన్-ప్రాఫిట్ కొండే, ఐడాహో రాష్ట్రంలో బోయిసీ ఊరి దగ్గర బోగస్ బేసిన్. పేరు చూసి కంగారుపడకండి, 1942 నుంచీ నడుస్తోంది. ఇక్కడి చిప్‌ల కంపెనీ మైక్రాన్‌లో పనిచేసే మనవాళ్ళు శని, ఆదివారాల్లో బాగానే కనిపిస్తారు. 1998లో సీజన్ పాస్ 199 డాలర్లకే ఇచ్చి దేశంలోని పెద్ద రిసార్టులన్నీ ఇటు తిరిగి చూసేలా చేసింది. అన్నట్టు, చైర్‌లిఫ్ట్ పుట్టిందే మా ఐడాహోలో. సన్ వ్యాలీలో, 1936లో. యూనియన్ పసిఫిక్ రైల్వే ఇంజనీరు జిమ్ కరన్, ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేలు గుర్తొచ్చి, గెల వేలాడే చోట కుర్చీ తగిలించాడు.

కాకినాడ_కాజా:
మల్లి గారూ, మీది ఫిక్స్‌డ్ గ్రిప్పా, డిటాచబులా? అది తెలియకుండా ఏ సలహా చెప్పినా గాలిలో మేడే. ఫిక్స్‌డ్ అయితే కుర్చీ తాడుకి శాశ్వతంగా బిగించి ఉంటుంది, తాడు ఎంత వేగమో కుర్చీ అంతే వేగంతో వచ్చి మోకాళ్ళ వెనక తగులుతుంది. మామూలుగా సెకనుకి రెండు, రెండున్నర మీటర్లు. డిటాచబుల్‌లో తాడు సెకనుకి ఐదు మీటర్ల దాకా పోతుంది. కానీ స్టేషన్‌లోకి రాగానే కుర్చీ తాడుని వదిలేసి సెకనుకి మీటరు వేగంతో నెమ్మదిగా పాకుతుంది. అందుకే "హై స్పీడ్" అనే బోర్డు చూసి మనవాళ్ళు భయపడతారు గానీ, కొత్తవాళ్ళు ఎక్కడానికీ దిగడానికీ సుఖం అదే.

మంచుమల్లి:
ఫిక్స్‌డేనండి. ఎక్కే చోట మాత్రం కదిలే బెల్టు ఒకటి పెట్టారు.

కాకినాడ_కాజా:
అయితే సగం బాధ తీరింది. అది లోడింగ్ కార్పెట్. కుర్చీ వెళ్ళే దిశలోనే మిమ్మల్నీ మోసుకెళ్తుంది కాబట్టి దెబ్బ పెద్దగా తెలియదు. గేటు తెరుచుకోగానే కదలండి, ఎస్కలేటర్ ముందు మన పెద్దవాళ్ళు ఆగిపోయినట్టు ఆగారో, లయ తప్పుతుంది.

రెండో_షిఫ్ట్:
బోస్టన్ నుంచి. మేం తరచూ వెర్మాంట్ వెళ్తాం, అక్కడ కుర్చీ ముందు అడ్డంగా వచ్చే సేఫ్టీ బార్ దించుకోవడం తప్పనిసరి. మీ వైపు రూలున్నా లేకున్నా దించండి. కానీ "బార్ దించుతున్నా" అని చెప్పి దించండి, లేకపోతే పక్కవాళ్ళ తలకి తగులుతుంది. బ్యాక్‌ప్యాక్ తీసి ఒళ్ళో పెట్టుకోండి. మఫ్లర్, చున్నీ చివరలు జాకెట్ లోపలికి దోపేయండి, దిగేటప్పుడు కుర్చీకి చిక్కుకుంటే ప్రమాదం. పాపని ఆపరేటర్ ఉండే వైపు కూర్చోబెట్టండి. సరిగ్గా కూర్చోలేదనిపిస్తే కిందే, వెంటనే, గట్టిగా "స్టాప్" అని అరవండి. సిగ్గుపడొద్దు. లిఫ్ట్ ఆగితే ఎవరూ ఏమీ అనుకోరు, బిగినర్ లిఫ్ట్ రోజంతా ఆగుతూనే ఉంటుంది.

ఇంకోటి, చలి అని రెండు జతల సాక్స్ వేయకండి. పల్చటి ఉన్ని సాక్స్ ఒక్క జత చాలు, లేకపోతే బూటులో పాదం ఆడుతుంది. జీన్స్ అసలొద్దు.

టెర్రస్_పిట్ట:
అందరూ తెగ సంబరపడుతున్నారు గానీ, నాకు ఒళ్ళు మండుతోంది. మా కొండ మీద కూడా ఇదే కథ. పెద్ద లిఫ్ట్ ముసలిదై మూలుగుతుంటే, ఉన్న డబ్బంతా పిల్లల వాలు మీద పోశారు. బ్లూ, బ్లాక్ డైమండ్ రన్లకి (కాస్త కష్టమైనవి, బాగా కష్టమైనవి) వెళ్ళేవాళ్ళం ఏం పాపం చేశాం?

బోయిసీ_బాబాయ్:
పిట్టా, నీ బాధ అర్థమైంది కానీ లెక్క ఇటు నుంచి చూడు. చిన్న కొండకి కొత్తగా డబ్బు తెచ్చేది నేర్చుకునేవాళ్ళే. పాఠాలు, అద్దె సామాను, క్యాంటీన్‌లో హాట్ చాక్లెట్, అన్నీ వాళ్ళ జేబుల్లోంచే. సీజన్ పాస్ ముందే కొనుక్కుని, ఇంటి నుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకునే నువ్వూ నేనూ రోజూ ఏం ఇస్తున్నాం? పైగా కార్పెట్ నుంచి నేరుగా పెద్ద లిఫ్ట్‌కి పంపితే వాళ్ళు నీ బ్లూ రన్ మధ్యలోనే కూర్చుని ఏడుస్తారు. నీ దారి ఖాళీ అవ్వాలన్నా వాళ్ళకో లిఫ్ట్ కావాలి.

టెర్రస్_పిట్ట:
టిఫిన్ డబ్బా మాట ఎందుకులే బాబాయ్ 😄 పాత లిఫ్ట్ పీకేసేటప్పుడు ఆ కుర్చీలు వేలం వేస్తారుగా, ఒకటి కొని పెరట్లో ఉయ్యాల కట్టుకుంటా. చందా ఇచ్చినట్టూ ఉంటుంది.

మంచుమల్లి:
అత్తగారి సంగతి ఎవరూ చెప్పలేదు!

రెండో_షిఫ్ట్:
క్షమించండి. చలికాలంలో స్కీలు లేకుండా నడిచి ఎక్కేవాళ్ళని చాలా కొండలు చైర్‌లిఫ్ట్ ఎక్కనివ్వవు. దిగే చోట మంచు వాలు ఉంటుంది కదా, మామూలు బూట్లతో జారిపడతారు. ఫోన్ చేసి అడగండి. వద్దంటే కింద లాడ్జ్ కిటికీ దగ్గర సీటు చూసుకోండి, బిగినర్ వాలు చాలావరకు అక్కడి నుంచే కనిపిస్తుంది. ఇంకో ప్రశ్న కూడా అప్పుడే అడిగేయండి: పైకి వెళ్ళాక పాప భయపడితే అదే కుర్చీలో కిందికి పంపిస్తారా అని. కొన్నిచోట్ల కుదురుతుంది, కొన్నిచోట్ల స్కీ పెట్రోల్ వాళ్ళు (కొండ మీద భద్రత చూసేవాళ్ళు) వచ్చి దింపాలి.

మంచుమల్లి:
థాంక్సండీ అందరికీ. శనివారం రద్దీ వద్దు, వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్తాం. పాపని నేను తీసుకెళ్తా, ఆయన ఇంకోసారి కార్పెట్ మీద పాఠం తీసుకుంటారట. పాప ఈ మాట వినగానే నవ్వడం మొదలుపెట్టింది, ఇంకా ఆపలేదు.