యూనిట్ మూసేశాక ఉద్యోగంలో చేరడం ఓటమేనా?

ఆటోనగర్_అట్టపెట్టె:
విజయవాడ ఆటోనగర్‌లో తొమ్మిదేళ్లు అట్టపెట్టెల యూనిట్ నడిపాను. నూజివీడు మామిడి సీజన్ వస్తే రాత్రింబవళ్లు మిషన్లు ఆగేవి కావు. 2021లో అట్టకు వాడే క్రాఫ్ట్ పేపర్ రేటు మండిపోయింది. పాత పార్టీలు చేజారతారన్న భయంతో, ముందు ఒప్పుకున్న రేటుకే పెట్టెలు ఇచ్చాను. తప్పు అక్కడే జరిగింది, ఎవరినీ అనను. ఆ లోటు పూడ్చడానికి మళ్లీ అప్పు చేశాను. పోయినేడు మిషన్లు అమ్మి, పనివాళ్లకీ పేపర్ మిల్లుకీ బాకీ తీర్చి తాళం వేశాను. బ్యాంకు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) ఇంకా ఉంది.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక ప్యాకేజింగ్ కంపెనీ ప్రొడక్షన్ మేనేజర్‌గా రమ్మంటోంది. "పది మందికి జీతాలిచ్చిన చేత్తో జీతం పుచ్చుకుంటావా?" అంటారు మా మామగారు. పెళ్లిళ్లకు వెళ్లడం మానేశాను. "ఏం చేస్తున్నావు బాబూ" అంటే ఏం చెప్పాలో తెలియట్లేదు. మీరేమంటారు?

మిర్చియార్డు_గుంటూరు:
వెళ్లొద్దు అన్నా. నెల జీతానికి అలవాటు పడ్డాక మళ్లీ షట్టర్ ఎత్తినవాళ్లను నేనైతే చూడలేదు. కెప్టెన్ గోపీనాథ్‌ను చూడండి. సైన్యం వదిలి హాసన్ జిల్లాలో పొలం చేశారు, పట్టుపురుగులు పెంచారు, ఎన్‌ఫీల్డ్ బండ్ల డీలర్‌షిప్ నడిపారు, 1997లో హెలికాప్టర్లు, 2003లో ఎయిర్ డెక్కన్ విమానాల కంపెనీ పెట్టారు. హైదరాబాద్ నుంచి మన విజయవాడకు వేసిన తొలి విమానానికే ఇంజిన్‌లో మంటలొచ్చాయి, లోపల వెంకయ్యనాయుడు గారున్నారు. అంత జరిగినా ఆయన ఎవరి దగ్గరా కొలువుకు పోలేదు.

రిటైర్డ్_బ్యాంకు_మేనేజర్:
తమ్ముడూ, కథ అక్కడితో ఆపేశావు. 2007లో కింగ్‌ఫిషర్ వాళ్లు వాటా కొని, తర్వాత ఎయిర్ డెక్కన్‌ను కలిపేసుకున్నారు. 2009లో గోపీనాథ్ లోక్‌సభకు బెంగళూరు సౌత్‌లో స్వతంత్రుడిగా నిలబడి ఓడిపోయారు. డెక్కన్ 360 అని సరుకు విమానాలు మొదలుపెడితే అదీ మూతపడింది. ఇన్ని చేసిన మనిషి పేరు ముందు ఈనాటికీ ఉన్నది ఏ మాట? కెప్టెన్. ఏనాడో వదిలేసిన కొలువు తెచ్చిన మాట అది! జీతం పుచ్చుకుంటే మనిషి తగ్గిపోడు.

ఇక ఓడీ సంగతి. సొంత పేరు మీద ప్రొప్రయిటర్‌షిప్ అయితే చట్టం దృష్టిలో మీరూ యూనిట్టూ వేరు కాదు, బాకీ మీ ఇంటిదాకా వస్తుంది. ఓటీఎస్, అంటే బాకీ కొంత తగ్గించి కట్టించుకుని తేల్చేయడం, తొందరపడి ఒప్పుకోకండి, మన అప్పుల చరిత్ర ఉండే సిబిల్‌ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది, రేపు ఇంటి లోనుకు అడ్డొస్తుంది. పూర్తిగా కడితే "క్లోజ్డ్" అని ఉంటుంది. జీతం స్లిప్ పెట్టుకుని వాయిదాల కోసం మాట్లాడితే బ్యాంకు వినే తీరే వేరు.

తెనాలి_కోడలు:
ఇద్దరూ డబ్బూ పరువూ అంటున్నారు. మా ఆయన షాపు మూసేసి, నెల తిరక్కుండానే ఉద్యోగంలో చేరారు. మనిషి మాత్రం షాపులోనే ఉండిపోయారు. కొత్త ఆఫీసులో రోజూ "మా దగ్గరైతే ఇలా చేసేవాళ్లం" అంటుంటే పై ఆఫీసరు విసుక్కున్నాడు. ఏడాదిలో ఆ ఉద్యోగమూ పోయింది. ఆ తర్వాత ఆర్నెల్లు ఇంట్లో ఉన్నారు. పాపను రోజూ బడికి దింపేవారు. ఆ పిల్ల ఏ సెక్షనో ఆయనకు అప్పటిదాకా తెలీదు. ఆ ఆర్నెల్లు నా గాజులు తాకట్టులో ఉన్నాయి, సులువుగా గడిచిందని చెప్పను. కానీ రెండో ఉద్యోగానికి వెళ్లిన మనిషి వేరు. అన్నయ్యా, వెళ్లండి, కానీ చేరే తేదీ రెండు నెలలు వెనక్కి జరపమని అడగండి.

మిర్చియార్డు_గుంటూరు:
కెప్టెన్ మాట నాకు తట్టలేదు, నిజమే. అయినా మామిడి పార్టీల నంబర్లు పోగొట్టుకోకన్నా. సొంత మిషన్ లేకున్నా, వేరే చోట పెట్టెలు చేయించి సీజన్‌కు సప్లై చేయొచ్చు.

రిటైర్డ్_బ్యాంకు_మేనేజర్:
ఆ పని కొత్త యజమానికి చెప్పకుండా చేయొద్దు. వాళ్లదీ పెట్టెల వ్యాపారమే.

ఆటోనగర్_అట్టపెట్టె:
నంబర్లు ఉంచుకుంటాను, సప్లై మాత్రం ఇప్పుడొద్దు. రెండు నెలలు అడగడానికి మొహమాటంగా ఉంది, ఒక నెల అడుగుతాను. చెల్లెమ్మా, మా వాడు ఏడో క్లాసని తెలుసు, సెక్షన్ మాత్రం మా ఆవిడను అడిగి తెలుసుకున్నాను. ఇంకొక్కటి చెప్పండి. బయోడేటాలో ఈ తొమ్మిదేళ్లకూ ఏం రాయాలి? ప్రొప్రయిటర్ అంటే మాట వినడని భయపడతారట, మేనేజర్ అని రాయమంటున్నాడో స్నేహితుడు.

రిటైర్డ్_బ్యాంకు_మేనేజర్:
ప్రొప్రయిటర్ అనే రాయండి. మూసేసిన నెల కూడా రాయండి. పనివాళ్ల బాకీ తీర్చాకే తాళం వేశానని వాళ్లు అడగకముందే చెప్పండి.