వెంటిలేటర్ మీదున్న పాప కళ్లు సగం తెరుచుకునే ఉంటున్నాయి, నర్సుని అడగొచ్చా?

మా పాపకి మూడేళ్లు. న్యుమోనియా ముదిరి ఆరు రోజులుగా వెంటిలేటర్ మీద ఉంది, మత్తుమందు ఇస్తున్నారు. నిన్న లోపలికి వెళ్లి చూస్తే రెప్పలు పూర్తిగా మూసుకోలేదు, మధ్యలో సన్నటి గీతలా తెల్లగుడ్డు కనబడుతోంది, అది కూడా నీరు పట్టి ఉబ్బినట్టుంది. నిద్రలో కొంతమంది పిల్లలు అలాగే ఉంటారులే అంటోంది మా అక్క. ఊపిరితిత్తుల కోసం అంతమంది కష్టపడుతుంటే కళ్ల గురించి అడగడానికి మొహమాటంగా ఉంది.

పిల్లల ఐసీయూ నర్సు:
మొహమాటం వద్దమ్మా, అడగండి. మామూలు నిద్రలో రెప్పని మూసే కండరం కాస్త బిగువుగానే ఉంటుంది, నల్లగుడ్డు పైకి వెళ్లి రెప్ప చాటున ఉంటుంది. మత్తులో, అందులోనూ కండరాలు సడలే మందు కూడా ఇస్తుంటే ఆ రక్షణ పోతుంది, రెప్పలు ఆర్పడమూ ఉండదు, దాంతో కన్నీటి పొర ఆరిపోయి కార్నియా (నల్లగుడ్డు మీదుండే పారదర్శకమైన పొర) పైభాగం లేచిపోవచ్చు. నేనైతే డ్యూటీ ఎక్కగానే టార్చి వేసి రెప్పల మధ్య సందు చూస్తాను. తెల్లగుడ్డు కనబడినా సరే, కన్ను తడిగా ఉంచే ఆయింట్‌మెంట్ కొన్ని గంటలకోసారి పెట్టాల్సిందే. చుక్కల మందు తొందరగా ఆరిపోతుంది. నల్లగుడ్డు కూడా కనబడితే ఆయింట్‌మెంట్ పెట్టి, రెప్ప మూసి, తేమ పోకుండా పైన పల్చటి పాలిథిన్ పొర కప్పుతాం. తెరిచిన కంటి మీద గాజుగుడ్డ మాత్రం పెట్టకూడదు, అది నల్లగుడ్డుకి గీసుకుంటుంది.

పిల్లల డాక్టర్:
పైన చెప్పింది కరెక్ట్. వెంటిలేటర్ ప్రెషర్ వల్ల, ఒంట్లో నీరు చేరడం వల్ల కళ్లు ఉబ్బుతాయి, ఉబ్బిన కన్ను ఇంకా మూసుకోదు. నాకు ఎక్కువ భయం ఇన్ఫెక్షన్ గురించి. గొంతులో కఫం తీసిన సక్షన్ గొట్టాన్ని ముఖం మీదుగా లాగితే తుంపర కంట్లో పడుతుంది, అందులో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంటే, అప్పటికే గీసుకుపోయిన కార్నియా ఒకట్రెండు రోజుల్లోనే దెబ్బతినొచ్చు. అందుకే గొట్టాన్ని పక్కనుంచి తీయాలి, ఆ సమయంలో కళ్లు కప్పి ఉంచాలి. కన్ను ఎర్రబడినా, పుసి కట్టినా, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ కనబడినా ఆ రోజే కంటి డాక్టర్ చూడాలి. పసిపిల్లల్లో చూపు ఇంకా తయారవుతూ ఉంటుంది కాబట్టి, మచ్చ మిగిలితే ఆ కన్ను లేజీ ఐగా, అంటే చూపు సరిగా ఎదగని కన్నుగా మారే ప్రమాదం కూడా ఉంది. మీ అంతట మీరు మాత్రం ఏ చుక్కలూ వేయకండి, స్టెరాయిడ్ చుక్కలు అసలే వద్దు.

ప్రశ్న అడిగిన అమ్మ:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. పొద్దున అడిగాను, నర్సు ఏమీ విసుక్కోలేదు. సలైన్‌లో తడిపిన దూదితో ముక్కు వైపు నుంచి బయటికి తుడిచింది, రెండో కంటికి వేరే దూది తీసుకుంది. కింది రెప్ప కొంచెం లాగి ఆయింట్‌మెంట్ సన్నటి దారంలా వేసి, రెప్పని వేలితో మెల్లగా మూసింది. రేపు పాపని బోర్లా పడుకోబెడతారట, అప్పుడు కళ్ల మీద ఒత్తిడి పడకుండా ఏం పెడతారో కూడా అడుగుతాను.