'రివర్ట్ బ్యాక్', 'లిటరల్లీ': సరిదిద్దాలా, సర్దుకుపోవాలా?

ప్రశ్న (రుషికొండ ఉద్యోగి):
మా సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో ఎవరు మెయిల్ రాసినా చివర 'ప్లీజ్ రివర్ట్ బ్యాక్' అని ముగిస్తారు. రివర్ట్ అంటే పూర్వస్థితికి మళ్లడం కాగా, దాన్ని జవాబివ్వడానికి వాడటం చాలక దానికి 'బ్యాక్' అని తోక కూడా తగిలిస్తున్నారు. నిన్న జగదాంబ కూడలిలో ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సహోద్యోగి 'లిటరల్లీ (అక్షరాలా) చచ్చిపోయాను' అని ఫోన్‌లో చెబుతుంటే చిర్రెత్తుకొచ్చింది. సరిదిద్దితే చాదస్తమంటారు, ఊరుకుంటే మనసొప్పదు. ఏం చేయమంటారు?

జవాబు 1 (ఆంగ్ల అధ్యాపకురాలు, ఎంవీపీ కాలనీ):
'లిటరల్లీ'ని అతిశయోక్తిగా వాడటం సెల్‌ఫోన్ తరం తెచ్చిన తెగులు కాదండీ, 1769 నాటి ఆంగ్ల నవలలోనే అది కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 2011లో ఆ అర్థాన్ని చేర్చితే, 2013లో గానీ పత్రికలు గమనించి గగ్గోలు పెట్టలేదు. నిఘంటువు ఉన్న వాడుకను నమోదు చేస్తుందే తప్ప దానికి యోగ్యతాపత్రం ఇవ్వదు. మనం బడిలో బట్టీ పట్టిన 'లెస్' (కొలిచేవాటికి), 'ఫ్యూయర్' (లెక్కపెట్టేవాటికి) తేడా కూడా 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన తన అభిరుచిగా చెప్పిన మాటే. తరవాతి వ్యాకర్తలు దాన్ని శాసనం చేశారు.

జవాబు 2 (విశ్రాంత ప్రభుత్వోద్యోగి, సిరిపురం):
అమ్మా, మీరన్నది నిజమే గానీ 'రివర్ట్' విషయంలో నేను ప్రశ్న అడిగిన వారి పక్షమే. ప్రభుత్వ కొలువులో రివర్షన్ అంటే పై పోస్టు నుంచి కింది పోస్టుకు దింపడం. 'కైండ్లీ రివర్ట్' అని ఉత్తరం వస్తే, మా సెక్షన్ సూపరింటెండెంటు గారు అంచున ఎర్రసిరాతో 'ఏ పోస్టుకు?' అని రాసి ఫైలు వెనక్కి పంపేవారు.

అలాగని మనవాళ్లు వాడేదంతా తప్పని నేననను. 'ఔట్ ఆఫ్ స్టేషన్' అంటే నవ్వేవారు, తెల్లదొరల కాలంలో అధికారులూ సైన్యమూ మకాం ఉండే ఊరిని స్టేషన్ అనేవారని గుర్తుంచుకోవాలి. వాల్తేరులో దొరలు కాపురమున్న రోజుల్లో అది నిక్కమైన ఇంగ్లీషే. 'ప్రీపోన్' అయితే ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనే ఉంది, పైగా పనికొచ్చే మాట. సమావేశాన్ని ముందుకు జరిపామని అంత క్లుప్తంగా చెప్పే మాట మరొకటి నాకు తోచదు.

జవాబు 3 (మద్దిలపాలెం):
అవతల చదివేది ఎవరన్నదే నాకు ముఖ్యం. 'పాస్డ్ ఔట్ ఇన్ 2019' అన్న బయోడేటా ఇక్కడ ఎవరికైనా అర్థమవుతుంది, అమెరికా క్లయింటుకు మాత్రం ఆ అభ్యర్థి ఆ ఏడాది స్పృహ తప్పి పడిపోయాడనిపిస్తుంది. బయటికి వెళ్లే కాగితాలను దిద్దండి, ఫోన్‌లో మాట్లాడే మిత్రుణ్ణి వదిలేయండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మా మెయిళ్ల నమూనాలో 'రివర్ట్ బ్యాక్' తీసి 'రిప్లై' పెట్టమని రేపే అడుగుతాను. 'లిటరల్లీ'ని క్షమించడానికి మాత్రం నాకింకా మనసు రావడం లేదు.