కొత్త స్టార్టర్ వేసినా ఇంజన్ వేడెక్కితే తిరగడం లేదు

మాది చెన్నై. ముట్టుకాడు దగ్గర పదహారడుగుల పాత ఫైబర్ పడవ ఉంది. దానికి 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ (పడవ వెనక తగిలించే ఇంజన్), ఎలక్ట్రిక్ స్టార్ట్. ఇంజన్‌ని తిప్పే పాత స్టార్టర్ మోటార్ తుప్పు పట్టి బిగుసుకుపోతే గత నెల బయట దొరికే కొత్తది బిగించాను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు వెంటనే అందుకుంటుంది. ఇరవై నిమిషాలు నడిపి ఆపితే మాత్రం సొలనాయిడ్ (స్టార్టర్‌కి కరెంటు వదిలే స్విచ్) టక్కుమంటుంది, ఫ్లైవీల్ అర చుట్టు తిరిగి ఆగిపోతుంది. తాడు లాగితే ఒక్క లాగుకే స్టార్ట్! కాబట్టి ఇంజన్ బిగుసుకోలేదు.

బ్యాటరీ కొత్తది, 12.6 వోల్టులు. కీ తిప్పినప్పుడు 11.9. సొలనాయిడ్ మార్చాను, కేబుళ్ల చివర్లు గీకి బిగించాను. బ్యాటరీ ప్లస్ నుంచి స్టార్టర్ టెర్మినల్ దాకా మీటర్ పెడితే 0.3 వోల్టుల నష్టమే. నెగటివ్ నుంచి ఇంజన్ బ్లాక్‌కి 0.2. కానీ నెగటివ్ నుంచి స్టార్టర్ బాడీకి ఏకంగా 4 వోల్టులు! కొత్త స్టార్టర్ బిగించే చోట దట్టంగా పెయింట్ ఉంది, అదే కరెంటుకు అడ్డుపడుతోందని నా అనుమానం. గీకేద్దామంటే ఉప్పు గాలికి అక్కడే తుప్పు మొదలవుతుందని భయం.

పెయింట్ గీకి గ్రీజు రాయడం మేలా, లేక స్టార్టర్ బాడీ నుంచి బ్లాక్‌కి విడిగా ఎర్త్ కేబుల్ వేయడమా?