స్నాప్ ఖర్చులో రాష్ట్రాలకు వాటా: క్రమశిక్షణా, కోతా?

చర్చాంశం: అమెరికాలో తక్కువ ఆదాయం గల కుటుంబాలు ఆహారం కొనుక్కోవడానికి స్నాప్ కింద ఇచ్చే సాయాన్ని ఇంతకాలం పూర్తిగా ఫెడరల్ ప్రభుత్వమే భరించింది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం, చెల్లింపుల్లో పొరపాట్లు 6 శాతానికి చేరిన రాష్ట్రాలు 2028 ఆర్థిక సంవత్సరం నుంచి అందులో 5 నుంచి 15 శాతం దాకా తామే పెట్టుకోవాలి. ఇది సమంజసమేనా?

అనుకూలం: సమంజసమే. సొమ్మొకరిది, సోకొకరిది అన్నట్టు, తమ ఖజానా నుంచి పైసా పోనప్పుడు అర్హతలను జాగ్రత్తగా చూడాలన్న పట్టుదల రాష్ట్రాలకు ఎక్కడిది? 2024లో దేశం మొత్తం మీద పొరపాట్ల రేటు 10.93 శాతం.

వ్యతిరేకం: ఆ అంకెను చాలామంది దొంగతనం కింద చదువుకుంటున్నారు. ఎక్కువ ఇచ్చిన సొమ్మే కాదు, రావలసినదానికన్నా తక్కువ ఇచ్చినదీ అందులో కలుస్తుంది. గంటల లెక్కన హోటల్లో పనిచేసే మనిషికి ఒక వారం 35 గంటల పని దొరికి, మరుసటి వారం 18 గంటలే దొరకవచ్చు. జీతం చీటీలు చూసి గుమాస్తా నెల ఆదాయాన్ని అంచనా కట్టేలోగా ఇంటి అద్దె మారుతుంది, లేదా కొడుకు వేరే కాపురం పెడతాడు. ఎవరూ అబద్ధమాడకుండానే లెక్క తప్పుతుంది.

రాష్ట్రాలకు బాధ్యత లేదన్న మాటా సరికాదు. పొరపాట్లు వరుసగా రెండేళ్లు జాతీయ సగటును నిర్ణీత మోతాదుకన్నా ఎక్కువగా మించితే జరిమానా వేసే పద్ధతి ముందునుంచీ ఉంది, నిర్వహణ ఖర్చులో సగం కూడా వాటిదే. కొత్త చట్టం ఆ సగాన్ని 2027 ఆర్థిక సంవత్సరం నుంచి 75 శాతానికి పెంచింది. పొరపాట్లను పట్టుకోవలసిన సిబ్బంది జీతాలు వచ్చేది ఆ పద్దు నుంచే.

అనుకూలం: గడువు ఇచ్చారు కదా. దక్షిణ డకోటా 4 శాతం లోపే ఉండగలిగినప్పుడు మిగతావాటికి ఏమడ్డం?

వ్యతిరేకం: దక్షిణ డకోటాను ఉదహరించారు, బాగుంది; 2024లో 24 శాతం దాటిన అలాస్కానూ చూడండి. రేటు దాదాపు 13.3 శాతం మించిన రాష్ట్రాలకు ఈ చట్టమే అదనపు గడువు ఇస్తోంది. అంటే 12 శాతం పొరపాట్లున్న రాష్ట్రం ముందుగా కట్టాలి, 14 శాతం ఉన్నది ఆగవచ్చు! క్రమశిక్షణే ఉద్దేశమైతే ఈ మినహాయింపుకు అర్థమేమిటో మీరే చెప్పాలి.

దాదాపు అన్ని రాష్ట్రాలూ ఏటా ఆదాయానికి తగ్గట్టే ఖర్చు చూపాలి కనుక, ఈ వాటా కోసం పన్నులు పెంచాలి, బడులకో రోడ్లకో ఇచ్చేది తగ్గించాలి, లేకపోతే దరఖాస్తుకు కావలసిన కాగితాలు పెంచి అర్హులే విసిగి మానుకునేలా చేయాలి. మూడో దారికి శాసనసభలో ఓటు కూడా అక్కర్లేదు, అందుకే నా భయమంతా దాని గురించే. ఫెడరల్ ప్రభుత్వం నిర్వహణ ఖర్చులో తన సగాన్ని తిరిగి భరిస్తూ, ఆ డబ్బును ఆదాయాల తనిఖీకే వాడాలని షరతు పెట్టనివ్వండి. దానికి నేనూ ఒప్పుకుంటాను.