వ్యాన్‌లో నీళ్లకు పైన ట్యాంకా, కింద పంపా?

కాజీపేట_బండి:
పాత టెంపో ట్రావెలర్ కొన్నాను. వెనక సీట్లు పీకేసి సింకు, షవర్ పెడుతున్నా. అమ్మానాన్నలను తీసుకుని రామప్ప, లక్నవరం, బొగత వైపు రెండేసి రోజులు తిరిగి రావాలని. కెరియర్ మీద 150 లీటర్ల నల్ల ట్యాంకు పెడితే చాలు, నీళ్లు వాటంతటవే దిగుతాయంటాడు తెలిసిన ప్లంబర్. కింద ట్యాంకు పెట్టి 12 వోల్టుల పంపు బిగించమంటాడు మా బామ్మర్ది. పని మాత్రం నేనే చేసుకుంటా. ఏది మేలు?

ములుగురోడ్డు:
పైనే పెట్టు తమ్మీ. మోటరు లేదు, వైరు లేదు, చెడిపోయేదే లేదు. మా పొలం దగ్గర డ్రమ్ము ఏళ్లుగా అట్లనే నడుస్తోంది. తాడ్వాయి అడవిలో పంపు ఆగితే ఎవరొచ్చి బాగుచేస్తారు?

లెక్కల_మనిషి:
అన్నా, పొలంలో డ్రమ్ము కదలదు, బండి కదులుతుంది. 150 లీటర్లంటే బండి నెత్తిన 150 కిలోలు. సగమే నిండితే ఇంకా కష్టం, మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకు కొట్టి బండిని గుంజుతాయి.
ఇక ప్రెషర్. నీటి ఎత్తు 10 మీటర్లుంటే ఒక బార్ (ప్రెషర్‌ను కొలిచే లెక్క). వ్యాన్ పైకప్పు నుంచి షవర్ దాకా మీటరు కూడా ఉండదు, అంటే 0.1 బార్ లోపే. దాంతో చెంబు నిండుతుంది, తల మీది షాంపూ పోదు. అదే 12 వోల్టుల చిన్న డయాఫ్రమ్ పంపు (లోపలి రబ్బరు పొర కదిలి నీళ్లను నెట్టేది) 35 పీఎస్ఐ, అంటే సుమారు 2.4 బార్ ఇస్తుంది. నల్లా కట్టేస్తే ప్రెషర్ స్విచ్ దాన్ని ఆపేస్తుంది. పైగా మే నెలలో మన ఎండకు పైన ట్యాంకులో నీళ్లు ముట్టుకోగలమా?

ములుగురోడ్డు:
చెంబుతో పోసుకుంటే స్నానం కాదా? మేడారం జాతరలో జంపన్న వాగులో లక్షల మంది ఏ షవర్ కింద మునుగుతున్నారు? ఆ స్విచ్ గొప్ప కూడా నాకు తెలుసు. ఎక్కడో ఒక చుక్క కారినా చాలు, ప్రెషర్ తగ్గినప్పుడల్లా మోటరు టకటకమంటుంది. మా చిన్నాయన బండిలో పడుకున్నా ఒకసారి. పడుకున్నానంటే పడుకున్నా, అంతే.

పరకాల_ప్రయాణం:
ఆ టకటక మా బండిలోనూ ఉండేది. తలుపు పక్కన ఒక స్విచ్ పెట్టి పడుకునేముందు పంపు ఆపేస్తున్నాం. సమస్య తీరింది.
అసలు దెబ్బ పైపుల దగ్గర తగిలింది. ఇంట్లోలా సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపులు గమ్‌తో అతికించాం. ఏటూరునాగారం వెళ్లొచ్చేసరికి ఒక ఎల్బో (పైపు మలుపు ముక్క) దగ్గర పగులు, ప్లైవుడ్ కింద తడి. గోడలో పైపు ఊగదు కదా, బండిలో గంటల తరబడి ఊగుతుంది. ఇప్పుడు పంపుకి రెండు వైపులా మూరెడు మెత్తటి గొట్టం, దాని మీద స్టీలు క్లిప్పులు, పంపు కింద రబ్బరు.
అయితే పీల్చే వైపు మరీ మెత్తది వద్దు. ఒక షాపువాడు అంటగట్టిన గొట్టం పంపు పీల్చగానే అప్పడంలా అతుక్కుపోయింది. లోపల తీగ చుట్టున్న సక్షన్ గొట్టం అడగండి. పంపుకి ముందు జాలి ఫిల్టరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు మరవొద్దు.

హన్మకొండ_చౌరస్తా:
అందరూ వచ్చే నీళ్ల గురించే. పోయే నీళ్లో? సబ్బునీళ్లు లక్నవరం గట్టు మీద వదులుతారా? వాటికీ కింద ఒక ట్యాంకు, చివర వాల్వు కావాలి. ఇంకోటి, సీట్లు తీశానన్నారు. ఆర్సీలో ఉన్నదానికి, బండిలో ఉన్నదానికి తేడా వస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. పైపులు కొనకముందే ఆర్టీఓ ఆఫీసులో అడగండి.

కాజీపేట_బండి:
సెక్షన్ మాట విని కొంచెం టెన్షన్ పట్టుకుంది, సోమవారం వెళ్తా. ట్యాంకు కిందే పెడుతున్నా, 80 లీటర్లు, పంపుతో. ములుగురోడ్డు అన్న మాట కూడా తీసెయ్యను. పంపు ఆగితే పనికొచ్చేలా సింకు పైన అరలో నల్లా ఉన్న 20 లీటర్ల క్యాన్ ఒకటి బెల్టుతో కట్టేస్తా.

ములుగురోడ్డు:
అంటే 20 లీటర్ల మేర గెలిచినట్టే. క్యాన్ నింపి పెట్టు తమ్మీ, ఖాళీది కట్టుకుని తిరిగేవు.