మద్రాసు ఎల్ఐసీ బిల్డింగ్ ఎవరు కట్టించినట్టు?

బరంపురం కుర్రాడు: నాన్నగారి ట్రంకుపెట్టెలో పాత ఫొటో దొరికింది. 1961లో మెయిలెక్కి మద్రాసు వెళ్లి, మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగ్ ముందు తీయించుకున్నారు. మేడంతా పట్టాలని ఎంత వెనక్కి జరిగి తీశారో, నాన్న అగ్గిపుల్లంత ఉన్నారు. అది ఎల్ఐసీ కట్టించిందేనా?

పర్లాకిమిడి మాష్టారు: కాదు బాబూ. యునైటెడ్ ఇండియా లైఫ్ ఇన్సూరెన్స్ అధిపతి చిదంబరం చెట్టియార్ 1953లో మొదలుపెట్టించారు. మొదటి ప్లాను 18 అంతస్తులు. 1954లో సింగపూర్ విమాన ప్రమాదంలో ఆయన పోయారు. 1956లో జీవిత బీమా జాతీయమయ్యాక మేడ ఎల్ఐసీ చేతికొచ్చింది.

ఛత్రపురం కోడలు: పునాది వేస్తే మేడ అయిపోతుందా మాష్టారూ? ఆర్కిటెక్టు చితాలే గారి చేత పూర్తి చేయించింది ఎల్ఐసీ. 1959 ఆగస్టు 23న మొరార్జీ దేశాయ్ ప్రారంభించారు. 177 అడుగులు. దేశంలో అప్పటికి అంత ఎత్తు మేడ లేదు.

రాయగడ రాజు: 1975లో నిప్పంటుకున్నది ఇదే కదా?

బరంపురం కుర్రాడు: ఇదే అన్నా.

మాష్టారు: అంతస్తులు తగ్గించారు, పేరు మాత్రం తమది పెట్టుకున్నారు. మొదలుపెట్టినవాడి ఊసే లేదు.

కోడలు: 245 సంస్థలు కలిస్తే ఎల్ఐసీ అయింది. మా తాతయ్య ప్రీమియం కట్టిన చిన్న కంపెనీ అంతకు ముందే మూతపడింది. మామ్మకు పైసా రాలేదు. అప్పడాలు ఒత్తి పిల్లల్ని పెంచింది. మొదలుపెట్టినవాళ్ల గొప్ప నాకు చెప్పకండి.

మాష్టారు: ఆ కంపెనీ చేసిన పాపం చెట్టియార్ మీద రుద్దుతావేం?

కోడలు: మీరు మాత్రం చెట్టియార్ కోసమే కొట్లాడుతున్నారా? ఇంత కోపం ఎందుకు మరి?

మాష్టారు: చెబుతాను విను. మా నాన్నగారు జీతంలోంచి చందా వేసి, ఎండలో నిలబడి ఇటుకలు లెక్కపెట్టి మా వీధిలో తెలుగు బడి కట్టించారు. అది చేతులు మారింది. గుమ్మం పైన రాతిలో చెక్కిన దాతల పేర్ల మీద సున్నం కొట్టేశారు. ఇప్పటికీ వేలితో తడిమితే నాన్నగారి పేరులో ‘ళ’ వంపు తగులుతుంది. కంటికి మాత్రం కనబడదు.

కోడలు: మా పుట్టిల్లు ఆ వీధే. ఆ బడిలోనే ఒడియాలో చదువుకున్నాను. సర్కారు తీసుకోకపోతే పంతుళ్లకు జీతాలిచ్చేవాళ్లు లేరు, తాళం పడేది. పైన పేర్లున్నాయని మాకెవరూ చెప్పలేదు మాష్టారూ. మీరూ చెప్పలేదు.

రాయగడ రాజు: సున్నం తడిపి మెల్లగా గీకితే అక్షరాలు బయటపడతాయి.

కోడలు: దసరాకి పుట్టింటికి వస్తున్నాను. నిచ్చెన ఉందా?

మాష్టారు: ఉందమ్మా, రా. మేడ మాత్రం చెట్టియార్‌దే.